ద్రవాహార చికిత్స : పేగు వాపు వ్యాధిలో పథ్యమే ఔషధం

"లంఖణం పరమౌషధం" అన్న మాట మన ఇండ్లలో తరతరాలుగా వినవస్తున్నదే. వైద్యుడు మందు చీటీ చేతికి ఇచ్చిన వెంటనే తెలుగు ఇండ్లలో "పథ్యమేమిటి?" అని అడుగుతారు, ఉర్దూ ఇండ్లలో "పర్హేజ్ క్యా హై?" అని అడుగుతారు. ఈ రెండు మాటలకూ లోకంలో స్థిరపడిన అర్థం ఒక్కటే: ఏదో ఒకటి తినడం మానివేయడం. అయితే మానివేయడంతో ఆగక, శరీరానికి కావలసిన సమస్త పోషణను నిండుగా అందించడమే ప్రధానంగా గల పథ్యమొకటి ఆధునిక వైద్యంలో ఉన్నది. కొన్ని వారాలపాటు అన్నము, రొట్టె, కూర, పండు అన్నీ మాని, కొలత ప్రకారం తయారైన ద్రవాహారాన్ని మాత్రమే సేవించడం ఆ పథ్యం. దీర్ఘకాలిక పేగు వాపు వ్యాధి గలవారికి, ముఖ్యంగా క్రోన్స్ వ్యాధి గలవారికి దీనిని విధిస్తారు.

తెలుగు పాఠాలు చెప్పుకునేవానికి ఈ వైద్య విషయంతో ఏమి పని అని పాఠకులు ప్రశ్నించవచ్చు. అందుకు కారణం చెప్పుకోవలసి ఉన్నది. కొన్నేండ్ల క్రిందట నా తరగతిలో ఒక విద్యార్థి ఉండేవాడు. పాఠం మధ్యలో లేచి బయటికి పోయేవాడు. నెలకు పది దినాలు హాజరయ్యేవాడు కాడు. చదువుపై శ్రద్ధ లేదని అందరి ఎదుట నేనే ఒకనాడు కఠినంగా మందలించాను. అతడు తల వంచుకొని నిలబడ్డాడే తప్ప ఒక్క మాటైనా బదులు చెప్పలేదు. మూడు నెలల తరువాత ఆసుపత్రిలో పడకపై చూచినప్పుడు అతడు ఎముకల గూడు వలె ఉన్నాడు. అతనికి క్రోన్స్ వ్యాధి అని అప్పుడే తెలిసింది. సిగ్గు వల్ల చెప్పలేని రోగాన్ని నేను సోమరితనమని పేరు పెట్టాను. ఆనాటి నుండి ఈ వ్యాధిని గురించి, దాని చికిత్సను గురించి చదివినదానిని, వైద్యులను అడిగి తెలుసుకున్నదానిని అతని అనుమతితో ఇక్కడ వివరిస్తున్నాను.

వ్యాధి స్వరూపం

మన శరీరంలో బయటి శత్రువులతో పోరాడే రక్షణ వ్యవస్థ ఒకటి ఉన్నది. ఏ కారణం చేతనో అది దారి తప్పి, పేగు గోడలపైననే యుద్ధం సాగించినప్పుడు అక్కడ వాపు, పుండ్లు ఏర్పడతాయి. ఇది నాలుగు రోజులలో మానిపోయే విరేచనాల జబ్బు కాదు. కొంతకాలం అణగి ఉండి, మళ్లీ విజృంభించడం దీని స్వభావం. ఇందులో ప్రధానమైనవి రెండు రకాలు. మొదటిది అల్సరేటివ్ కోలైటిస్. ఇది పెద్ద పేగు లోపలి పొరకు పరిమితమై, రక్తంతో కూడిన విరేచనాలను కలిగిస్తుంది. రెండవది క్రోన్స్ వ్యాధి. ఇది నోటి నుండి మలద్వారం వరకు ఎక్కడైనా రావచ్చు. ఎక్కువగా చిన్న పేగు చివరి భాగంలో వస్తుంది. పేగు గోడ మందమంతటినీ ఆక్రమించి, ఒక చోట పేగును ఇరుకు చేస్తుంది. మరొక చోట గోడను తొలిచి పక్క అవయవానికి దారి చేస్తుంది.

1913లో గ్లాస్గో నగర శస్త్రవైద్యుడు కెనెడీ డాల్జియెల్ ఇటువంటి రోగుల వృత్తాంతాలను ప్రకటించాడు. 1932లో న్యూయార్కులోని మౌంట్ సినాయ్ ఆసుపత్రికి చెందిన క్రోన్, గింజ్‌బర్గ్, ఓపెన్‌హైమర్ అనే ముగ్గురు వైద్యులు దీనిని ప్రత్యేకమైన వ్యాధిగా వర్ణించారు. ఇంగ్లీషు అక్షరక్రమంలో క్రోన్ పేరు ముందు రావడం చేత ఆ పేరే వ్యాధికి స్థిరపడింది.

ఇది పాశ్చాత్య దేశాల జబ్బు అని ఒకప్పుడు మనవారు భావించేవారు. ఆ భావన నేడు నిలువదు. తెలంగాణలో, పరిసర ప్రాంతాలలో ఉదర బాధలు గల 30 వేల మందికి పైగా జనాన్ని పరీక్షించి, హైదరాబాదులోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యులు 2023లో ఒక అధ్యయనాన్ని ప్రచురించారు. పట్టణాలలో వలెనే పల్లెలలోనూ ఈ వ్యాధి ఉన్నదని అందులో తేలింది.

మన దేశంలో మరొక చిక్కు ఉన్నది. పేగులకు వచ్చే క్షయ, క్రోన్స్ వ్యాధి చూడటానికి కవల సోదరుల వలె ఉంటాయి. రెండింటిలోనూ కడుపునొప్పి, జ్వరం, బరువు తగ్గడం కనిపిస్తాయి. రెండూ చిన్న పేగు చివరి భాగాన్నే ఎక్కువగా పట్టుకుంటాయి. క్రోన్స్ వ్యాధికిచ్చే స్టెరాయిడ్లు క్షయ గల రోగికి ఇస్తే క్షయ విజృంభిస్తుంది. కావున నిర్ధారణ కుదరనప్పుడు వైద్యులు ముందుగా క్షయ మందులు వాడి చూడటం కద్దు. మా విద్యార్థి కూడా అట్లే కొన్ని నెలలు క్షయ మందులు మింగాడు. అది వైద్యుని పొరపాటు కాదు, ఈ దేశంలో వ్యాధులు కలిసిమెలిసి ఉన్న తీరు అటువంటిది.

ఆహారమే భయమైనప్పుడు

ఈ వ్యాధి ముదిరినప్పుడు రోగి స్థితి విచిత్రంగా ఉంటుంది. తింటే నొప్పి, విరేచనాలు, తినకపోతే నీరసం. నొప్పికి భయపడి అతడు తినడం తగ్గిస్తాడు. తిన్న కొద్దిపాటి ఆహారంలోని సారాన్ని పుండ్లు పడిన పేగు సరిగా గ్రహించలేదు. పుండ్ల నుండి రక్తము, మాంసకృత్తులు కారిపోతాయి. పైగా వాపుతో పోరాడే శరీరానికి మామూలు కన్న ఎక్కువ మాంసకృత్తులు అవసరమవుతాయి. ఇట్లా రాబడి తగ్గి ఖర్చు పెరిగిన సంసారం వలె శరీరం అప్పుల పాలవుతుంది. కండలు కరుగుతాయి; రక్తహీనత వస్తుంది. ఇటువంటి రోగికి లంఖణం ఔషధం కాదు, అపాయం. పేగుకు ఊరట, శరీరానికి నిండు పోషణ రెండూ ఏకకాలంలో కావాలి. ద్రవాహార చికిత్స ఈ రెంటినీ సాధించే ప్రయత్నం.

ఈ ద్రవాహారంలో మాంసకృత్తులు, కొవ్వులు, పిండి పదార్థాలు, విటమినులు, లవణాలు అన్నీ నిర్ణీతమైన పాళ్లలో ఉంటాయి. ఇందులో మూడు తరగతులు ఉన్నాయి. మాంసకృత్తులను పూర్తిగా విడగొట్టి అమైనో ఆమ్లాల రూపంలో ఉంచినది మొదటిది. సగం విడగొట్టినది రెండవది. పాల నుండి, సోయా నుండి తీసిన మాంసకృత్తులను ఉన్నవి ఉన్నట్లుగా చేర్చినది మూడవది. మొదటి రకానికి చేదు రుచి, ఘాటు వాసన ఎక్కువ. చాలామంది దానిని ముక్కు గొట్టం ద్వారానే తీసుకోవలసి వచ్చేది. మూడవది రుచిలో మేలు, ధరలో తక్కువ. గుణంలో ఈ మూడింటికీ చెప్పుకోదగిన తేడా లేదని పరిశోధనల వల్ల తెలిసింది. కావున నేడు మూడవ రకమే ఎక్కువ వాడుకలో ఉన్నది.

ఒక చికిత్స పుట్టిన వైనం

ఈ చికిత్సకు మూలం అంతరిక్ష పరిశోధనలో ఉన్నదంటే ఆశ్చర్యం కలుగుతుంది. వ్యోమగాములకు తక్కువ స్థలంలో ఇమిడేది, తక్కువ మలాన్ని మిగిల్చేది అయిన ఆహారం కావలసి వచ్చింది. శుద్ధమైన రసాయన పదార్థాలతో తయారైన ద్రవాహారంపైననే మనుషులు జీవించగలరని అమెరికా శాస్త్రజ్ఞుడు వినిట్జ్, అతని సహచరులు 1965లో ప్రకటించారు. వైద్యులు దీనిని పేగు జబ్బుల రోగులకు, మొదట శస్త్రచికిత్సకు ముందు బలం చేకూర్చడానికి వాడారు. బలం కోసం ఇచ్చిన ఆహారం వల్ల జబ్బే శాంతిస్తున్నట్లు కనిపించింది. ఇది ప్రధాన చికిత్సయే కాదా అన్న ప్రశ్నను 1973లో కెనడా శస్త్రవైద్యులు లేవనెత్తారు.

ఆ ప్రశ్నకు పరీక్షాపూర్వకమైన సమాధానం 1984లో ఇంగ్లండు నుండి వచ్చింది. లండన్ సమీపాన హారో పట్టణంలోని నార్త్‌విక్ పార్క్ ఆసుపత్రిలో ఓమొరైన్, సీగల్, లెవీ అనే వైద్యులు తీవ్రమైన క్రోన్స్ వ్యాధి గల 21 మంది రోగులను రెండు జట్లుగా విభజించారు. ఒక జట్టుకు స్టెరాయిడ్లు, రెండవ జట్టుకు నాలుగు వారాలపాటు అమైనో ఆమ్లాల ద్రవాహారం ఇచ్చారు. ద్రవాహారం తీసుకున్నవారు స్టెరాయిడ్లు తీసుకున్నవారికి ఏ మాత్రం తీసిపోకుండా కోలుకున్నారు. ఆహారం ఔషధంతో సరితూగిన సందర్భమది.

ఇది ఏ విధంగా పని చేస్తుందన్నది పూర్తిగా తేలలేదు. వాపును రెచ్చగొట్టే ఆహార పదార్థాలు పేగుకు తగలకపోవడం ఒక కారణమని కొందరు అంటారు. పేగులో నివసించే కోటానుకోట్ల సూక్ష్మజీవుల కూర్పు మారడం మరొక కారణమంటారు. పేగుకు పూర్తి విశ్రాంతి దొరకడమే కారణమని తొలినాళ్లలో భావించేవారు. అయితే నోటికి ఏమీ ఇవ్వక రక్తనాళాల ద్వారానే పోషణ ఇచ్చి చూచినప్పుడు, ద్రవాహారం కన్న అధికమైన మేలు కనిపించలేదు. కావున పేగును ఖాళీగా ఉంచడంలో కాక, దానికి తగిన ఆహారం ఇవ్వడంలోనే గుణం ఉన్నదని చెప్పవచ్చు.

పిల్లలకు, పెద్దలకు గల తేడా

చిన్నపిల్లల క్రోన్స్ వ్యాధిలో ఈ చికిత్సకు నేడు అగ్రస్థానం ఉన్నది. 6 నుండి 8 వారాలు ద్రవాహారం మాత్రమే ఇవ్వాలని ఐరోపా వైద్య సంఘాలు సూచిస్తున్నాయి. ఎదిగే వయస్సులో స్టెరాయిడ్లు ఎముకల పెరుగుదలను కుంటుపరచడం ఇందుకు ముఖ్య కారణం.

పెద్దల విషయం వేరు. వైద్య పరిశోధనలను సమీక్షించే కోక్రేన్ సంస్థ 2018లో లెక్కలు తీసింది. పిల్లలలో ద్రవాహారం వల్ల నూటికి 83 మందికి, స్టెరాయిడ్ల వల్ల 61 మందికి వ్యాధి అణగింది. పెద్దలలో ద్రవాహారం వల్ల 45 మందికి, స్టెరాయిడ్ల వల్ల 73 మందికి అణగింది. ఈ ఆధారాలు అంత బలమైనవి కావని సమీక్షకులే హెచ్చరించారు. అయినా తేడా కొట్టవచ్చినట్లున్నది. అందుకే పెద్దలలో దీనిని స్టెరాయిడ్లకు మారుగా అందరికీ విధించరు.

ఈ తేడాకు గల కారణాలలో ఒకటి మనం ఆలోచింపదగినది. పెద్దలు చాలామంది మధ్యలోనే విరమిస్తారు. పిల్లవాని చేతికి తల్లి గ్లాసు అందిస్తుంది; తాగే వరకు పక్కన కూర్చుంటుంది. పెద్దవాడు ఉద్యోగానికి పోవాలి, కళాశాలకు పోవాలి, పెండ్లిండ్లకు పోవాలి. అందరూ తింటుండగా అతడొక్కడు గ్లాసు పట్టుకొని కూర్చోవాలి. అంటే కొందరి విషయంలో ఓడినది ఔషధం కాదు, దానిని నిలుపుకునే ఏర్పాటు.

ఇంకా పెద్దలకు ఇది ఎక్కడెక్కడ ఉపకరిస్తుందో చూద్దాం. ఇంగ్లండులోని ఎక్సెటర్ వైద్యులు శస్త్రచికిత్స అవసరమైన 51 మంది క్రోన్స్ రోగులకు ముందుగా ద్రవాహారం ఇచ్చి, ఫలితాలను 2017లో ప్రచురించారు. వారిలో 13 మందికి, అనగా నాల్గవ వంతు మందికి, శస్త్రచికిత్స అవసరమే తప్పిపోయింది. జపానులో 2006లో ప్రచురితమైన మరొక అధ్యయనంలో, వ్యాధి అణగిన 51 మందిలో కొందరు రోజువారీ ఆహారంలో సగాన్ని ద్రవాహారంగా, సగాన్ని మామూలు భోజనంగా తీసుకున్నారు. సుమారు ఏడాది కాలంలో వారిలో నూటికి 35 మందికి వ్యాధి తిరగబెట్టగా, మామూలు భోజనం చేసినవారిలో 64 మందికి తిరగబెట్టింది.

అల్సరేటివ్ కోలైటిస్‌కు ద్రవాహారం ప్రధాన చికిత్స కాదు. అయితే ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో ఆ వ్యాధి తీవ్రమై చేరిన 62 మందిపై జరిగిన అధ్యయనం 2021లో వెలువడింది. అందులో స్టెరాయిడ్లతో పాటు 7 రోజులు ద్రవాహారం మాత్రమే తీసుకున్నవారి రక్తంలో ఆల్బుమిన్ మెరుగుపడింది. ఆసుపత్రిలో ఉండవలసిన దినాలు తగ్గాయి.

ఆచరణ విధానం

50 కిలోల బరువు గల రోగిని ఊహించుకుందాం. కిలో బరువుకు 30 కాలరీల చొప్పున అతనికి రోజుకు 1500 కాలరీలు కావాలి. బరువు పెరగవలసి ఉంటే ఇంకా ఎక్కువ. సాధారణంగా ఒక మిల్లీలీటరు ద్రవాహారంలో ఒక కాలరీ ఉంటుంది. అనగా రోజుకు లీటరున్నర ద్రవం, 250 మిల్లీలీటర్ల గ్లాసులతో ఆరు గ్లాసులు. వ్యాధి తీవ్రంగా ఉన్నప్పుడు కిలో బరువుకు 1.2 నుండి 1.5 గ్రాముల వరకు మాంసకృత్తులు అందేటట్లు చూస్తారు. వీటికి తోడు మంచినీరు వేరుగా తాగాలి. ప్రతి గ్లాసునూ ఒక్క గుక్కలో కాక, అరగంటసేపు కొద్దికొద్దిగా సేవించాలి. చల్లగా ఉంటే వాసన తక్కువగా తెలుస్తుంది. నోటితో తాగలేనివారికి ముక్కు ద్వారా సన్నని గొట్టం వేస్తారు. నియమిత కాలం ముగిసిన తరువాత భోజనాన్ని ఒక్కసారిగా కాక, క్రమక్రమంగా తిరిగి ప్రారంభిస్తారు.

ఇక్కడ ఒక గట్టి హెచ్చరిక చేయవలసి ఉన్నది. చాలాకాలం సరిగా తిండి లేక చిక్కిన శరీరానికి ఒక్కసారిగా పూర్తి పోషణ ఇస్తే ప్రాణాపాయం కలుగవచ్చు. రక్తంలోని ఫాస్ఫేటు, పొటాషియం, మెగ్నీషియం హఠాత్తుగా పడిపోయి గుండె లయ తప్పుతుంది. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత, ఆకలితో మాడిన ఖైదీలకు కడుపునిండా తిండి పెట్టినప్పుడు కొందరు ఈ విధంగానే మరణించారు. అందువల్ల వైద్యులు తక్కువ మోతాదుతో ప్రారంభించి, రక్తపరీక్షలు చేస్తూ, థయమిన్ అనే విటమినును ఇస్తూ మోతాదు పెంచుతారు. పేగు పూర్తిగా మూసుకుపోయినవారికి, పేగుకు రంధ్రం పడినవారికి ఇది పనికిరాదు. ఎవరికి వారు మందుల దుకాణంలో డబ్బా కొని మొదలుపెట్టదగిన చికిత్స కాదిది. వైద్యుడు ఇచ్చిన ఇతర మందులను తమంతట తాము మానడం కూడా తగదు.

ఇంట్లో కాచుకునే గంజి, రాగి జావ, యఖ్నీ, మజ్జిగ చాలవా అని తల్లులు అడుగుతారు. ఇవన్నీ మంచివే, కాని ఈ చికిత్సకు ప్రత్యామ్నాయాలు కావు. గంజిలో నీరే ఎక్కువ, మాంసకృత్తులు బహు స్వల్పం. యఖ్నీలో రుచి ఉన్నంతగా శక్తి లేదు. ఆరు వారాలు వీటితోనే గడిపితే రోగి ఇంకా చిక్కిపోతాడు.

ఖర్చు మాట దాచరాదు. 100 గ్రాముల పొడిలో 400 కాలరీలకు కొంచెం పైగా ఉంటాయి. కావున 400 గ్రాముల డబ్బా పెద్దవానికి ఒక్క రోజుకే సరిపోతుంది. ఆరు వారాలంటే 42 డబ్బాలు. కూలి చేసి బతికే కుటుంబానికి ఇది మోయలేని భారం. మా విద్యార్థి తండ్రి మూడవ వారంలో డబ్బాలు సగం సగం చేసి సరిపెట్టాలని చూచాడు. బంధువులు, మహల్లా పెద్దలు ఆదుకోబట్టి ఆ చికిత్స పూర్తయింది.

దస్తర్‌ఖాన్ ముందు

ఆ ఆరు వారాలలో దేనికి ఎక్కువ బాధపడ్డావని నేను ఆ విద్యార్థిని అడిగాను. రుచికి కాదన్నాడు, వారం దాటిన తరువాత నాలుక అలవాటు పడిందట. ఇంట్లో దస్తర్‌ఖాన్ పరచినప్పుడు తాను లేచి పక్క గదిలోకి పోవడమే కష్టమనిపించిందన్నాడు. "ఒక్క ముద్దకు ఏమవుతుంది నాయనా" అని నానమ్మ బతిమాలేదట. ఆమె ప్రేమను కాదనలేక రెండుసార్లు తిన్నాడు. చివరకు అతని తల్లి ఒక ఉపాయం చేసింది. అతని గ్లాసును కూడా దస్తర్‌ఖాన్ మీదనే పెట్టి, అందరితో కలిపి కూర్చోబెట్టింది. ఆనాటి నుండి అతడు ఒంటరివాడు కాలేదు, నియమం తప్పలేదు.

రంజాన్ మాసంలో మరొక సంకటం ఎదురవుతుంది. పగలంతా విరామం లేకుండా కొద్దికొద్దిగా సాగవలసిన ఈ పోషణ ఉపవాసంతో పొసగదు. రోగికి ఉపవాసాన్ని వాయిదా వేసుకొని, కోలుకున్న తరువాత ఇతర దినాలలో పూర్తి చేసుకునే సౌకర్యాన్ని మన ధర్మమే ప్రసాదించింది. ఆ సౌకర్యాన్ని వినియోగించుకునే యువకుని చేతిలో పగటివేళ గ్లాసు చూచి వేలెత్తి చూపడం ధర్మం తెలియనివారి పని. ప్రతివానికీ తన పేగుల సంగతి విప్పి చెప్పుకోవలసిన అగత్యం అతనికి ఉండరాదు.

కళాశాలా సంఘం పెద్దలకు నాది ఒక చిన్న విన్నపం. ఆ విద్యార్థి కోలుకున్నాడు. వైద్యుడు చెప్పిన మందులు వాడుతూ నేడు ఉద్యోగం చేసుకుంటున్నాడు. కాని హాజరు చాలనందున అతనికి ఒక సంవత్సరం వృథా అయింది. వైద్యుని ధ్రువపత్రం గల విద్యార్థికి తరగతి మధ్యలో ప్రశ్నించకుండా బయటికి పోయే అనుమతి, శుభ్రమైన మరుగుదొడ్డి, తన ద్రవాహారాన్ని చల్లగా ఉంచుకొని తాగడానికి ఒక మూల చోటు, హాజరు విషయంలో నిబంధనలు అనుమతించినంత మేరకు దయ – ఇవి గొప్ప ఖర్చుతో కూడిన పనులు కావు.

విద్యార్థులారా! మీలో ఎవరికైనా వారాల తరబడి విరేచనాలు, మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, తరచు కడుపునొప్పి ఉంటే సిగ్గుపడి దాచకండి, వైద్యునికి చూపించండి. మీ స్నేహితుడు తరగతి నుండి పదేపదే లేచిపోతుంటే నవ్వకండి. మీ పక్కన ఒకడు అన్నం మాని గ్లాసు పట్టుకొని కూర్చుంటే "ఒక్క ముద్ద తిను" అని బలవంతం చేయకండి. అతని పక్కన కూర్చోండి. అధ్యాపకునిగా నేను ఆలస్యంగా నేర్చుకున్న పాఠమిది. మీరు ముందుగానే నేర్చుకోవాలని నా కోరిక.